వాగు మీద వరద సైరన్: మోటారు స్టార్టర్ల షాపు కట్టిచ్చే సెట్టు ఎంతవరకు నమ్మొచ్చు?

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు చేసిన నష్టం చూశాక వాగు పక్కన ఊళ్లలో, కాలనీల్లో ఒకటే మాట వినిపిస్తోంది. మన వాగుకీ ముందే చెప్పే ఏర్పాటు ఒకటి ఉంటే బాగుండునని. ఆ ఏర్పాటు చేయగలిగినవాళ్లు మండల కేంద్రంలోనే ఉన్నారు. వ్యవసాయ మోటార్లకు మొబైల్ స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు, సోలార్ పంపులు బిగించే షాపువాళ్లు. సిమ్ మాడ్యూలు, రిలే (సంకేతం అందగానే కరెంటు కలిపే స్విచ్), 12 వోల్టుల బ్యాటరీ, సోలార్ ప్లేటు, నీళ్లలో మునిగే కేబుల్... వాళ్లు రోజూ పట్టుకునే సామానే ఇక్కడా కావాలి. అలాంటి షాపు చేత కట్టించుకునే సెట్టులో ఏ భాగం నమ్మొచ్చు, ఏది వద్దనాలి, షాపుతో ముందే ఏం రాయించుకోవాలి అన్నదే ఈ రివ్యూ.

ముందుగా ప్రభుత్వ సేవల సంగతి. కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో తెచ్చిన 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ పెద్ద నదులకు మంచి సాధనం. భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల హెచ్చరికలు అందరికీ నోటికొచ్చు. పైన ఎక్కడో కురిసిన నీళ్లు అక్కడికి రావడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి ఆ అంచనాకి విలువ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే 'సచేత్' ద్వారా ఫోన్లకు వచ్చే హెచ్చరికలూ పనికొస్తాయి గానీ అవి జిల్లాకో, మండలానికో ఇచ్చేవి. మీ ఊరి చప్టా మీదకు నీళ్లు ఎప్పుడెక్కుతాయో అవి చెప్పవు. గుట్టల్లోంచి దిగే వాగు రెండు మూడు గంటల్లో పొంగి, తెల్లారేసరికి తీసేస్తుంది కూడా. అక్కడ నీటిమట్టాన్ని అక్కడే కొలవాలి.

చిన్న కంపెనీ ఈ పని చేయగలదా అని సందేహించేవాళ్లకు అస్సాం చూపించాలి. లఖీంపూర్, ధేమాజీ జిల్లాల్లో సింగోరా, జియాఢల్ నదుల మీద హిమాలయ పర్వత ప్రాంతాల అభివృద్ధి కోసం పనిచేసే ఇసిమోడ్ సంస్థ, ఆరణ్యక్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ఇలాంటి ఏర్పాటే చేసింది. పరికరాలు తయారుచేసింది ఖాట్మండూలోని సస్టెయినబుల్ ఎకో ఇంజినీరింగ్ అనే చిన్న కంపెనీ. గట్టున ట్రాన్స్‌మిటరు, దగ్గర్లో ఒక ఇంట్లో రిసీవరు, ఆ ఇంటివాళ్ల నుంచి దిగువ గ్రామాలకు ఫోన్లు. అంతే. 2014లో ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం దాన్ని 'లైట్‌హౌస్ యాక్టివిటీ'గా, అంటే మిగతావాళ్లకు దారి చూపే పనిగా గుర్తించింది. ఆ ఏర్పాటు నిలబడటానికి కారణం పరికరం ఎంత గొప్పదన్నది కాదు, చెడితే బాగుచేసేవాళ్లు, మోగితే ఫోను ఎత్తేవాళ్లు దగ్గర్లో ఉండటం. లోకల్ షాపుకి మా మొగ్గు కూడా అందుకే. వాగు పొంగే కాలంలో సెన్సరు మూగబోతే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో మనిషి వచ్చేసరికి వాన వెలిసిపోతుంది.

ఇక సెన్సర్ల దగ్గరకు వద్దాం. డబ్బులు ఎక్కువ తగలేసేది, పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే.

షాపువాళ్లు మొదట చూపించేది జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ. ధ్వనిని కిందకి పంపి, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే సెన్సరు ఇది. కారు వెనక పార్కింగు సెన్సరులాంటి గుండ్రటి మూతి, రెండున్నర మీటర్ల తీగ, ఒక చిన్న బోర్డు. ధర వందల్లోనే. మూతి తడిసినా ఫరవాలేదు, బోర్డు మాత్రం తడవకూడదు. కాగితం మీద నాలుగున్నర మీటర్లు, ఆరు మీటర్లు అని రాసి ఉంటుంది. కదిలే నీటి మీద మూడు మీటర్లు దాటితే రీడింగు నిలకడగా ఉండదు. అసలు ప్రమాదం దగ్గరి దూరంలో ఉంది. మూతికి 20, 25 సెంటీమీటర్ల లోపుకి నీళ్లు వస్తే అది సరిగ్గా కొలవలేదు. పిచ్చి అంకె ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. అంటే వరద పతాక స్థాయికి చేరిన క్షణంలోనే గుడ్డిదవుతుంది. ఇంటి మీద ట్యాంకుకి పెట్టుకోండి, వాగుకి వద్దు.

ధ్వనితోనే కొలిచే ఏ02వైవైయూడబ్ల్యూ అనే సెన్సరు దానికంటే ఒక మెట్టు పైన. బోర్డు లోపలే సీలై ఉంటుంది, ఐపీ67 రక్షణ (దుమ్ము దూరదు, కాసేపు నీళ్లలో మునిగినా ఫరవాలేదు), 3 సెంటీమీటర్ల నుంచి నాలుగున్నర మీటర్ల దాకా కొలత, ఆ కొలతను తీగ మీద అంకెలుగా పంపే సీరియల్ అవుట్‌పుట్. ప్రతి రీడింగుతో పాటు చెక్‌సమ్, అంటే అంకె సరిగ్గా చేరిందో లేదో తేల్చే సంఖ్య కూడా పంపుతుంది కాబట్టి పాడైన అంకెను ప్రోగ్రాం పక్కన పడేయగలదు. దీని లోపం వెడల్పు. ధ్వని 60 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుంది. అంటే నాలుగు మీటర్ల కింద నీటి మీద దాని చూపు చుట్టూ 2.3 మీటర్ల దాకా పరుచుకుంటుంది. వంతెన స్తంభానికి ఆనించి బిగిస్తే అది స్తంభాన్నే కొలుస్తుంది, నీళ్లు పెరిగినా అంకె కదలదు. రెండు స్తంభాలకూ నడిమధ్యన, రెయిలింగు నుంచి మీటరు, మీటరున్నర బయటకు ఇనుప చేయి చాచి బిగించాలి. చేయి వంతెనకు దిగువ వైపు ఉండాలి. ఎగువ వైపు పెడితే కొట్టుకొచ్చే దుంగలు తగులుతాయి, స్తంభాల ముందు ఎగదన్నే నీళ్ల వల్ల మట్టం కూడా ఎక్కువ చూపిస్తుంది.

ధ్వనితో కొలిచే ఏ సెన్సరుకైనా ఎండ శత్రువు. గాలి 25 డిగ్రీలున్నప్పుడు ధ్వని సెకనుకు సుమారు 346 మీటర్లు పోతుంది, 45 డిగ్రీలున్నప్పుడు 357 దాటుతుంది. మూడు శాతం పైచిలుకు తేడా. నాలుగు మీటర్ల దూరం మీద అది సుమారు 13 సెంటీమీటర్లు. మే నెల మధ్యాహ్నం బిగించి సరిచూసుకున్న సెట్టు జులై రాత్రి వానలో నీటిమట్టాన్ని దాదాపు అర అడుగు తక్కువ చూపిస్తుంది, హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి పక్కన పెట్టి ప్రోగ్రాంలో సవరించమనండి. అది బాక్సు లోపల ఉండకూడదు, ఎండలో బాక్సు లోపలి వేడి వేరు. చేయి కింద నీడలో ఉండాలి. మ్యాక్స్‌బాటిక్స్ వాళ్ల ఎంబీ7389లో ఈ సవరణ లోపలే ఉంటుంది, 30 సెంటీమీటర్ల నుంచి 5 మీటర్ల దాకా మిల్లీమీటరు మెట్లలో కొలుస్తుంది, ధ్వని పుంజం కూడా సన్నం. ధర వేలల్లో ఉంటుంది, తెప్పించడానికి రోజులు పడుతుంది. ఎత్తు ఐదు మీటర్ల లోపున్న వంతెనకు మేము సిఫారసు చేసేది ఇదే. రాడార్ సెన్సరుకి వేడి, గాలి, వాన పెద్దగా లెక్కలోకి రావు, దూరమూ ఎక్కువ పడుతుంది. కానీ ఖరీదు పదుల వేలల్లోకి వెళుతుంది, చెడితే లోకల్ షాపు దగ్గర స్పేరు దొరకదు. పెద్ద వాగు మీద ఎత్తయిన వంతెన ఉండి, పంచాయతీ దగ్గర నిధులుంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఏ సెన్సరైనా ఒక్క రీడింగుని నమ్మి సైరను మోగించకూడదు. వరసగా 11 రీడింగులు తీసుకుని, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, వాటిలో మధ్యది తీసుకోవాలి. గుర్రపుడెక్క తెప్పలా కొట్టుకొచ్చినా ఒకటి రెండు అంకెలు ఎగిరిపడతాయి, మధ్యది కదలదు. మామూలు రోజుల్లో 15 నిమిషాలకోసారి కొలిస్తే చాలు. నీళ్లు పెరగడం మొదలవగానే రెండు నిమిషాలకోసారి కొలిచేలా ప్రోగ్రాం మారాలి.

సెన్సరు ఎంత మంచిదైనా దాని పక్కనే రెండు ఫ్లోట్ స్విచ్‌లు ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. ట్యాంకుల్లో వాడే అదే ఫ్లోటు. నాలుగంగుళాల పీవీసీ పైపుకి దిగువ వైపు మాత్రమే బెజ్జాలు వేసి, స్తంభానికి దిగువ ముఖాన పట్టీలతో కట్టి, లోపల ఒకటి మొదటి హెచ్చరిక ఎత్తులో, ఒకటి రెండో హెచ్చరిక ఎత్తులో వేలాడదీయాలి. ఎగువ వైపు బెజ్జాలు వేస్తే ప్రవాహపు ఒత్తిడికి పైపులో నీళ్లు అసలు మట్టం కంటే పైకి లేస్తాయి, చెత్త కూడా దూరుతుంది. పైపు అడుగున మరతో తిప్పే మూత పెట్టించండి, ఒండ్రు తీయాలి కదా. నాలుగంగుళాల పైపులో ఫ్లోటు అడ్డంగా ఇరుక్కుంటుందేమో షాపులోనే బకెట్టు నీళ్లలో చూసుకోవాలి. వైరుతో వేలాడే పెద్ద ఫ్లోటైతే ఆరంగుళాల పైపు కావాలి, నిలువు కడ్డీ మీద జారేదైతే నాలుగు సరిపోతుంది.

వైరింగులో ఒక చిన్న పని అడగండి. ఫ్లోటు స్విచ్ దగ్గర, అంటే లైను ఆ చివర, దానికి సమాంతరంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు కట్టమనండి. బాక్సు దగ్గర చూస్తే 10 కిలో ఓమ్‌లు కనిపిస్తే అంతా మామూలే, సున్నా అయితే నీళ్లొచ్చాయి, అసలేమీ లేకపోతే తీగ తెగింది. ఫైర్ అలారం బిగించే మెకానిక్కులకు ఈ పద్ధతి బాగా తెలుసు. ఇది లేకపోతే ఎలుక కొరికిన తీగ వరద లేనట్టే చూపిస్తూ సీజనంతా అలాగే పడి ఉంటుంది.

వార్త ఊళ్లోకి చేర్చే దారిలో షాపులు ఎక్కువగా పప్పులో కాలేస్తాయి. పాత మొబైల్ స్టార్టర్లలో వాడే సిమ్800ఎల్ 2జీ మాడ్యూలు. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. పైగా కాల్ కలిపే క్షణంలో అది 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగ, బలహీనమైన కన్వర్టరు పెడితే ఆ దెబ్బకి వోల్టేజి పడిపోయి మాడ్యూలు రీస్టార్ట్ అవుతుంది. బల్ల మీద బాగానే పనిచేసి వాగు దగ్గర మొరాయించేవి చాలావరకు ఇందుకే. ఏ7670సీ లాంటి 4జీ మాడ్యూలు పెట్టమనండి, సరఫరా తీగల పక్కనే వెయ్యి మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి పెట్టించండి. సిమ్ ఎంపికలో ప్యాకేజీ ధర చూడకూడదు, వంతెన దగ్గర ఏ కంపెనీకి సిగ్నలు బాగుంటుందో చూడాలి. సిమ్ పంచాయతీ పేరు మీద ఉండాలి, షాపు ఓనరు పేరు మీద వద్దు. 28 రోజుల ప్యాకేజీలు వేస్తే రీచార్జి మర్చిపోవడం ఖాయం, సంవత్సరం ప్యాకేజీ మే నెలలో వేయించండి. చాలా ప్రీపెయిడ్ ప్యాకేజీల్లో రోజుకి 100 ఎస్ఎంఎస్‌లే ఉంటాయి గనక ఊరందరికీ మెసేజీ పంపుతామనే మాట నమ్మకండి. పదీ పన్నెండు మందికి కాల్ వెళ్లాలి, ఊరికి సైరను చెప్పాలి.

టవర్‌కి కరెంటు పోయి డీజిలు అయిపోతే ఫోన్లే ఉండవు, పెద్ద వానలో అది మామూలే. అందుకని వంతెన నుంచి ఊళ్లోకి లోరా రేడియో లింకు (తక్కువ కరెంటుతో చిన్న సంకేతాలను దూరం పంపే రేడియో) కూడా ఉండాలి. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు అక్కర్లేదు. ఎదురుగా ఖాళీ పొలాలుంటే మూడు నాలుగు కిలోమీటర్లు దూకుతుంది, మధ్యలో గుట్ట ఉంటే దూకదు. యాంటెన్నా ఎత్తే ఇక్కడ సగం పని చేస్తుంది, వాటర్ ట్యాంకు మీద పెట్టించండి. వంతెన పోస్టు (సెన్సరు, బాక్సు ఉన్న చోటు) నుంచి పది నిమిషాలకోసారి 'ఉన్నాను' అనే సంకేతం రావాలి. మూడుసార్లు రాకపోతే రిసీవరు వేరే రకం బీపుతో చెప్పాలి.

కరెంటు లెక్క షాపుని కాగితం మీద వేయమనండి. బోర్డు, మోడెమ్ (సిమ్ మాడ్యూలు), రేడియో కలిసి సగటున 40 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకి దాదాపు ఒక ఏహెచ్ (ఆంపియర్-అవర్). యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ లెడ్ బ్యాటరీని సగానికంటే కిందకి దింపకూడదు, కాబట్టి అది మూడున్నర రోజులకు సరి. ముసురు పడితే వారం పాటు ఎండ కనపడదు. 12 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 40 వాట్ల ప్లేటు పెడితే నిశ్చింత. 20 వాట్ల ప్లేటు మబ్బు రోజుల్లో ఖర్చయిందే తిరిగి నింపుతుంది, అంతకుమించి మిగలదు. ప్లేటు నాలుగు మీటర్ల ఎత్తున ఉండాలి, దొంగల భయమూ ఉంటుంది, మేకలూ ఉంటాయి. తీగలన్నీ బాక్సు అడుగు నుంచే లోపలికి పోవాలి. పక్క నుంచి పోతే తీగ చుట్టూ కేబుల్ గ్లాండ్లు ఎంత బిగించినా వాన నీరు తీగ వెంట లోపలికి జారుతుంది. మిగిలిన ప్రతి బెజ్జాన్నీ మూయకపోతే చీమలు, కందిరీగలు కాపురం పెడతాయి. సెన్సరు మూతికి కందిరీగ మట్టిగూడు కట్టిందంటే అది ఎప్పుడూ ఒకటే దూరం చూపిస్తుంది.

సైరను గురించి అమ్మేవాళ్లు చెప్పే మాటలు జాగ్రత్తగా వినాలి. డబ్బా మీద 110 డెసిబెల్ అని ఉంటే అది మీటరు దూరాన. వంద మీటర్ల దగ్గర 70, మూడొందల మీటర్ల దగ్గర 60కి పడిపోతుంది, అంటే మనిషి మాట్లాడినంత. రేకుల ఇంటి మీద జోరువాన పడుతుంటే లోపల పడుకున్నవాళ్లకు అది వినపడదు. వంతెన దగ్గర ఒక్క సైరను పెట్టి ఊరంతటికీ సరిపోతుందన్న షాపుని ఒక వాన రాత్రి మోగించి చూపించమనండి. పల్లపు వీధుల్లో ఒక్కో గుంపుకి ఒక్కో హారన్, ఆరు మీటర్ల స్తంభం మీద, ఇళ్లకేసి తిప్పి. గుడి, మసీదు, చర్చి మైకులను రిలేతో కలిపితే ఇంకా మంచిది, ఆంప్లిఫయరు బ్యాటరీ మీద నడిచేదై ఉండాలి. మొదటి హెచ్చరికకు ఆగి ఆగి, రెండోదానికి ఆపకుండా. చేత్తో తిప్పే సైరను ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. ఫోనుకి వెళ్లే మెసేజీలో డిగ్రీలు, శాతాలు వద్దు. 'వంతెన దగ్గర 9 అడుగులు. పావుగంటలో అడుగు పెరిగింది. కింది వీధి వాళ్లు హైస్కూలుకి వెళ్లండి' అని ఉంటే చాలు.

పోస్టు ఎక్కడ పెట్టాలన్నది సెన్సరు కంటే పెద్ద ప్రశ్న. ఓ మోస్తరు వరదలో నీళ్లు సెకనుకు రెండు మీటర్లు పోతే, వరద ముఖం అంతకు ఒకటిన్నర రెట్లు వేగంతో, అంటే గంటకు పది కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దిగుతుంది. ఊరి వంతెన దగ్గరే పెడితే సైరను మోగేసరికి నీళ్లూ వస్తాయి. పది కిలోమీటర్ల ఎగువన పెడితే గంటలోపు సమయం దొరుకుతుంది. మనుషుల్ని, పశువుల్ని, కాగితాల్ని దాటించడానికి అది చాలు, ధాన్యం తరలించడానికి చాలదు. రెండు పోస్టులకు డబ్బుంటే ఒకటి ఎగువన, ఒకటి ఊరి దగ్గర. ఒక్కదానికే ఉంటే ఎగువనే. అంత దూరం లోరా ఒక్క దూకులో అందదు, సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే రేడియోలు మధ్యలో పెట్టించాలి. వంతెన ఏ శాఖదైతే ఆ శాఖ దగ్గర ముందే ఉత్తరం తీసుకోండి, స్తంభానికి బెజ్జం కొట్టకుండా పట్టీలతోనే కట్టించండి.

హెచ్చరిక ఎత్తులు షాపు పెట్టకూడదు, ఊరే పెట్టాలి. అన్నిటికంటే పల్లపు ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి మేస్త్రీ నీళ్ల ట్యూబుతో వంతెన దాకా ఎత్తు తీసుకురండి. ఒక్కో కొలతా 15 మీటర్లు మించకుండా, రెండుసార్లు చేసి రెండూ కలిస్తేనే ఒప్పుకోండి. ఆ గుర్తు నుంచి స్తంభం మీద అడుగుల గేజీ పెయింటుతో గీయించండి, సెన్సరు అంకె ఆ గేజీతో కలవాలి. ఎగువ పోస్టు ఎత్తుకీ ఊరి ఎత్తుకీ సంబంధం మొదటి సీజనులో వచ్చే చిన్న వరదల్లోనే తెలుస్తుంది, పైన ఎంత ఎప్పుడు, కింద ఎంత ఎప్పుడు అని ఒక నోటుబుక్కులో రాస్తూ పోవాలి. అప్పటిదాకా ఎత్తులు తక్కువగానే పెట్టుకోండి.

బుడమేరు నేర్పింది ఒకటుంది, ప్రోగ్రాంలో అది కూడా చేర్పించాలి. ఆనాడు వెలగలేరు దిగువన బుడమేరు డైవర్షన్ చానల్‌కి (మళ్లింపు కాలువకి) గండ్లు పడి నీళ్లు ఊళ్ల మీదకు మళ్లాయి. కట్ట ఉన్న వాగుకి గండి పడితే దిగువ పోస్టు దగ్గర మట్టం పెరగదు, తగ్గుతుంది. మామూలు సెట్టు దాన్ని చూసి వరద తీస్తోందనుకుంటుంది. ఎగువన పెరుగుతూ దిగువన హఠాత్తుగా తగ్గితే అదే మూడో రకం హెచ్చరిక, దానికి వేరే సైరను మోత ఉండాలి. పోస్టులు రెండు ఉంటేనే ఇది సాధ్యం.

షాపుతో రాతకోతలు. జూన్ నుంచి నవంబరు దాకా ఫోను చేసిన రోజే మనిషి రావాలి. ఒక సెన్సరు, ఒక మోడెమ్, రెండు ఫ్లోట్లు స్పేరుగా షాపులో కాదు, పంచాయతీ బీరువాలో ఉండాలి. వైరింగు బొమ్మ బాక్సు తలుపు లోపల అతికించాలి. ప్రోగ్రాం, పాస్‌వర్డులు పెన్‌డ్రైవులో ఇవ్వాలి. ఇవ్వనంటే ఆ షాపుతో ఒప్పందం వద్దు, రేపు షాపు మూతపడితే సెట్టు ఇనుప సామాను అవుతుంది. క్లౌడు, యాప్, నెలవారీ చందా అంటూ మొదలుపెడితే, చందా ఆగినా సైరను మోగుతుందా అని ఒక్క ప్రశ్న అడగండి. మోగదంటే ఆ డిజైనే తప్పు. డబ్బులో పావు వంతు మొదటి సీజను అయ్యాకే ఇచ్చేలా మాట్లాడుకోండి.

మే ఆఖరి వారంలో పరీక్ష. ఒండ్రు తీయించి, గూళ్లు దులిపి, ఫ్లోటుని కర్రతో పైకెత్తి చూడాలి. సెన్సరు కింద ప్లైవుడ్ చెక్కను తాడుతో ముందు కొంచెం లేపి, కొలత రెండు నిమిషాలకోసారికి మారాక రెండో హెచ్చరిక ఎత్తుకి లేపి, అక్కడి నుంచి ఊళ్లో సైరను మోగేదాకా గడియారం పట్టాలి. అప్పుడు సెన్సరు రెండు నిమిషాలకోసారే కొలుస్తుంది గనక మూడు నిమిషాలు పట్టొచ్చు, అంతకు మించితే రేడియోనో రిలేనో చూడాలి. తర్వాత సోలార్ తీగ పీకేసి సెట్టుని ఐదు రోజులు అలాగే వదిలేయండి. ఆరో రోజు సైరను పది నిమిషాలు నిండుగా మోగితేనే షాపుకి రసీదు మీద సంతకం పెట్టండి.